గడ్డివాము నుంచి గుండె దాకా: రక్తం పలచబడే మాత్ర మోతాదు లెక్కలో మనం ఎక్కడున్నాం?

మన గ్రూపులో పోడు భూముల చరిత్ర రాసుకున్నాం, జోడేఘాట్ చరిత్ర రాసుకున్నాం, రిజర్వేషన్ల మీద ఎన్నోసార్లు వాదించుకున్నాం. ఈసారి ఒక మాత్ర చరిత్ర రాస్తున్నాం. పోస్టు పెద్దది. కానీ తండాలో గానీ గూడెంలో గానీ గుండె వాల్వు ఆపరేషన్ అయిన మనిషి ఎవరైనా మీకు తెలిస్తే, చివరిదాకా చదవండి.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ, ఎల్బీనగర్ హాస్టళ్లలో, కొత్తపేట, చైతన్యపురి రూముల్లో ఉండి చదువుకునే మనకు ఒక రెండో ఉద్యోగం కూడా ఉంది. అది జీతం లేని ఉద్యోగం. దేవరకొండ వైపు నుంచో, సూర్యాపేట వైపు నుంచో బస్సెక్కి వచ్చిన పేషెంటును ఎల్బీనగర్ చౌరస్తాలో దించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేది మనమే. ఓపీ చీటీ రాయించేది, డాక్టరు చెప్పింది విని మళ్లీ ఇంట్లో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది కూడా మనమే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక ఈ పని కొంచెం సులువైంది. ఎల్బీనగర్‌లో ఎక్కితే రైలు మారకుండా పంజాగుట్టలో దిగి నిమ్స్‌కు పోవచ్చు.

అలా వచ్చేవాళ్లలో కొందరి చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటది. అందులో తేదీ, ఐఎన్ఆర్ అని ఒక అంకె, పక్కన మాత్ర మోతాదు. 'రక్తం పలచబడే మాత్ర' అంటారు. చీటీ మీద వార్ఫరిన్ అనో, ఎసిట్రోమ్ అనో ఉంటది. ఎసిట్రోమ్ అసలు పేరు ఎసినోకౌమరాల్. రెండూ ఒకే కుటుంబం మందులు. ఇవి నిజానికి రక్తాన్ని నీళ్లలా పలచన చేయవు, గడ్డకట్టే వేగాన్ని తగ్గిస్తాయి. మోతాదు తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది, లేదా గడ్డ మెదడుకు పోయి పక్షవాతం వస్తుంది. ఎక్కువైతే కడుపులోనో మెదడులోనో రక్తం కారుతుంది. ఈ రెండు గోతుల మధ్య దారి చాలా సన్నం. ఆ దారిలో ఎవరికి ఎన్ని మిల్లీగ్రాములు అని డాక్టర్లు వేసే లెక్కకే అల్గారిథమ్ అని పేరు. ఆ లెక్క ఎలా పుట్టింది, ఎవరిని లెక్కపెట్టి పుట్టింది అన్నదే ఈ పోస్టు.

ఈ మాత్ర మన ఇళ్లకు ఎందుకు వచ్చింది?

ధనిక దేశాల్లో ఈ మాత్ర ఎక్కువగా ముసలివాళ్ల మందు. మన దగ్గర పాతికేళ్ల అమ్మాయి కూడా మింగుతుంది. దానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాతో గొంతునొప్పి వస్తది. మందు పడకపోతే కొందరిలో కొన్ని వారాల తర్వాత కీళ్ల నొప్పులు, జ్వరం వచ్చి, గుండె వాల్వులు దెబ్బతింటాయి. ఒకే గదిలో పదిమంది పడుకునే చోట, డాక్టరు దూరంగా ఉన్న చోట ఈ జబ్బు ఎక్కువ. అంటే ఇది ముందు ఇల్లు, దారి, డాక్టరు లేని జబ్బు. ఆ తర్వాతే గుండె జబ్బు.

దెబ్బతిన్న వాల్వు తీసి లోహపు వాల్వు పెడతారు. విదేశీ వాల్వులు కొనలేని దేశానికి తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ సొంతంగా ఒకటి తయారుచేసింది. దాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. మన దగ్గర 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, ఆస్తి అమ్ముకోకుండా పెద్ద ఆపరేషన్ చేయించుకోవచ్చన్న నమ్మకం పేద ఇళ్లకు వచ్చింది. మంచిదే. కానీ ఆపరేషన్ ఒక్కరోజు పని. లోహపు వాల్వు ఉన్నంతకాలం మాత్ర మింగాల్సిందే, రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాల్సిందే. కార్డు మీద ఆపరేషన్ అయిపోతది. ఆ తర్వాత తండాలో బతకాల్సిన ముప్పై ఏళ్లు ఎలా గడపాలో ఆ కార్డు మీద రాసి ఉండదు.

బూజు పట్టిన గడ్డి, గడ్డకట్టని రక్తం

ఈ మందు పుట్టింది పశువుల కొట్టంలో. 1920ల్లో అమెరికాలోని ఉత్తర డకోటాలో, కెనడాలో ఆవులు ఉన్నట్టుండి రక్తం కారి చచ్చిపోవడం మొదలైంది. కొమ్ము కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. అంటురోగం అనుకున్నారు. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కారణం మేతలో ఉందని చూపించాడు. స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసాన్ని వాము వేస్తే, తడిసి బూజు పట్టినప్పుడు అది విషమవుతోంది. మంచి గడ్డి తిన్న పశువుకు ఏమీ కావడం లేదు. వానాకాలంలో వాము అడుగున తడిసిన గడ్డిని మన పెద్దోళ్లు పశువులకు వేయనిచ్చేవాళ్లు కాదు కదా. అలాంటి జాగ్రత్త అక్కడి పేద రైతులకూ తెలుసు. కానీ అవి కరువు రోజులు, వేరే మేత కొనే డబ్బుల్లేవు.

1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచుతుఫానులో బండి వేసుకుని మూడు వందల కిలోమీటర్ల దూరం పోయాడు. బండిలో ఒక చచ్చిన పెయ్య, పాలక్యానులో గడ్డకట్టని రక్తం, పాడైన గడ్డి మోపు. ఆరోజు శనివారం. పశువుల డాక్టరు ఆఫీసు మూసి ఉంది. తలుపు తెరిచి ఉన్నది కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబు. లింక్ ఆరోజు చేయగలిగింది ఏమీ లేదు, ఆ గడ్డి వేయొద్దని చెప్పాడు అంతే. కానీ ఆ క్యాను రక్తం ఆయన్ని వదల్లేదు. ఆరేళ్లు పట్టింది. 1939లో ఆయన జట్టులోని హెరాల్డ్ క్యాంప్‌బెల్ ఆ విషాన్ని స్ఫటికంగా వేరు చేశాడు. దాని పేరు డైకౌమరాల్. 1941 నుంచే దాన్ని మనుషుల మీద మందుగా వాడటం మొదలైంది.

తర్వాత లింక్ అదే కుటుంబంలోంచి ఇంకా గట్టి పదార్థం తీశాడు. 1948లో అది ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చింది. పరిశోధనకు డబ్బు ఇచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల సంస్థ పేరులోని మొదటి అక్షరాలు కలిపి 'వార్ఫరిన్' అని పేరు పెట్టారు. 1951లో ఒక అమెరికన్ సైనికుడు చనిపోదామని ఆ ఎలుకల మందు చాలాసార్లు మింగాడు. విటమిన్ కె ఇచ్చి బతికించారు. విరుగుడు ఉన్న విషం అంటే మందుగా వాడుకోవచ్చు అని అప్పుడు ధైర్యం వచ్చింది. 1954లో మనుషులకు అనుమతి వచ్చింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే ఇదే ఇచ్చారు.

ఈ చరిత్రలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఇంత పెద్ద మందుకు మొదటి ఆధారం తెచ్చింది ఒక రైతు. తన కొట్టంలో ఏం జరుగుతోందో గమనించి, సాక్ష్యం మూటగట్టుకుని ల్యాబు తలుపు కొట్టాడు.

సంతలో మానిక, ల్యాబులో ఐఎన్ఆర్

మందు దొరికింది కానీ ఎంత ఇవ్వాలి? రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో కొలిచే పరీక్షను 1935లో ఆర్మండ్ క్విక్ అనే డాక్టరు చెప్పాడు. దాన్నే ఇప్పుడు ప్రోథ్రాంబిన్ టైమ్, పీటీ అంటాం. ఆ పరీక్షకు థ్రాంబోప్లాస్టిన్ అనే పదార్థం కావాలి. దాన్ని జంతువుల మెదడు లాంటి కణజాలాల నుంచి తీసేవాళ్లు. ఒక్కో కంపెనీది ఒక్కో బలం. దాంతో అదే మనిషి రక్తానికి ఒక ల్యాబులో ఒక అంకె, ఇంకో ల్యాబులో ఇంకో అంకె వచ్చేది. అంకెను చూసి డాక్టరు మోతాదు మారిస్తే ఆ మార్పే తప్పయ్యేది.

మన తాతలకు ఇది కొత్త కథ కాదు. సంతలో ఒక్కో సాహుకారు మానిక ఒక్కో సైజు. చింతపండు కొనేటప్పుడు పెద్ద మానిక, ఉప్పు అమ్మేటప్పుడు చిన్న మానిక. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది ఈ దోపిడీని ఆపి అటవీ ఫలసాయానికి సరైన తూకం, సరైన ధర ఇవ్వడానికే. రక్తపరీక్షకు అలాంటి ఒకే కొలత 1983లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ అనే పద్ధతిని తెచ్చింది. పేషెంటు సమయాన్ని మామూలు మనుషుల సమయంతో భాగించి, వాడిన పదార్థం బలాన్ని బట్టి సరిచేస్తే వచ్చే అంకె అది. ఇప్పుడు హైదరాబాదులో చూసినా భద్రాచలంలో చూసినా అంకె దాదాపు ఒకటే రావాలి. మందు వాడని మనిషికి సుమారు 1 ఉంటది. మందు వాడేవాళ్లకు చాలా జబ్బుల్లో 2 నుంచి 3 మధ్య ఉండాలి. గుండె ఎడమవైపు మైట్రల్ వాల్వు స్థానంలో లోహపు వాల్వు ఉంటే కొంచెం ఎక్కువ, 2.5 నుంచి 3.5 దాకా పెడతారు. మీ పేషెంటు హద్దు ఎంతో పుస్తకం మొదటి పేజీలో డాక్టరుతోనే రాయించండి.

అనుభవమా, లెక్కా?

కొలత ఒకటయ్యాక లెక్కలు మొదలయ్యాయి. 1984లో బ్రిటన్ డాక్టర్లు ఒక పట్టిక ప్రచురించారు. మొదటిరోజు ఇంత ఇవ్వు, మర్నాడు పరీక్షలో ఇంత వస్తే ఇంత ఇవ్వు అని వరుసగా ఉంటది. దాన్ని ఫెనర్టీ పట్టిక అంటారు. అంకె ఎక్కిస్తే మోతాదు, తర్వాతి పరీక్ష తేదీ చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా తర్వాత వచ్చాయి.

చాలామంది పెద్ద డాక్టర్లకు ఇది నచ్చలేదు. 'ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, పట్టిక నాకెందుకు' అన్నది వాళ్ల మాట. ఆ మాటలో కొంత నిజం ఉంది. పేషెంటు మొఖం చూసి, తిండి అడిగి తెలుసుకునేది పట్టికకు తెలియదు. కానీ ఈ మాత్ర విషయంలో అనుభవం ఒక పొరపాటు పదేపదే చేస్తది. అంకె కొంచెం ఎక్కువ రాగానే భయపడి మాత్ర బాగా తగ్గించడం, వచ్చేసారి తక్కువ రాగానే బాగా పెంచడం. వార్ఫరిన్ మార్పు ప్రభావం పూర్తిగా కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆగకుండా అటూ ఇటూ తిప్పితే రక్తం ఊయల ఊగుతూనే ఉంటది.

దీనికి రుజువు 2012లో వచ్చింది. రీ-లై అనే పెద్ద అధ్యయనంలో 44 దేశాల్లో వార్ఫరిన్ వాడిన 6 వేల మందికి పైగా పేషెంట్ల రికార్డులు చూశారు. అందులో ఇచ్చిన లెక్క చాలా సాదా. అంకె హద్దులో ఉంటే మాత్ర ముట్టుకోకు. కొంచెం తప్పితే వారం మొత్తం మోతాదులో 10 శాతం మార్చు, ఎక్కువ తప్పితే 15 శాతం. అంతే. ఈ సాదా లెక్కను ఎక్కువగా పాటించిన చోట రక్తం హద్దులో ఉన్న కాలం ఎక్కువ. పాటించడం 10 శాతం పెరిగితే ఆ కాలం దాదాపు 6 శాతం పెరిగింది. పక్షవాతం, పెద్ద రక్తస్రావం లాంటివి తగ్గాయి. జన్యు పరీక్ష లేదు, ఖరీదైన యంత్రం లేదు. కాగితం మీద నాలుగు లైన్ల నియమం, దానికి కట్టుబడి ఉండే డాక్టరు, టైముకు జరిగే పరీక్ష. పేద దేశానికి ఇంతకంటే మంచి వార్త ఏముంటది?

సమీకరణంలో ఒక టిక్కు

ఇక్కడి నుంచి కథ మన దాకా వస్తది. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఇద్దరికి ఒకరికి 2 మిల్లీగ్రాములు సరిపోతే ఇంకొకరికి 8 ఎందుకు కావాలి? 2004లో ఒక పెద్ద కారణం దొరికింది. వార్ఫరిన్ దెబ్బకొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు, వీకేఓఆర్‌సీ1. మందును లివర్లో విరగ్గొట్టే జన్యువు సీవైపీ2సీ9 సంగతి అప్పటికే తెలుసు. ఈ రెండింటిలో ఉండే చిన్న తేడాలు మోతాదును చాలా మారుస్తాయి. ఆ తేడాలు ఒక్కో జనంలో ఒక్కో పాళ్లలో ఉంటాయి.

2009లో ఒక అంతర్జాతీయ బృందం 9 దేశాల నుంచి 5 వేలకు పైగా పేషెంట్ల సమాచారం కలిపి ఒక సమీకరణం తయారుచేసింది. జన్యువులు తెలిస్తే ఒకటి, తెలియకపోతే ఇంకొకటి. తెలియనప్పుడు వాడేదాంట్లో వయసు, ఎత్తు, బరువు, వాడే కొన్ని మందులు, దాంతోపాటు జాతి అడుగుతారు. ఆసియా, నల్లజాతి, తెల్లజాతి, తెలియదు లేదా మిశ్రమం అని.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇది అర్థం చేసుకోవడానికే, ఎవరూ దీన్ని పట్టుకుని మాత్ర మార్చొద్దు. వయసు 30, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు, వేరే మందులు లేవు అనుకుందాం. మన ఊళ్లో కనిపించే ఆడపిల్లే. తెల్లజాతి అని టిక్కు పెడితే లెక్క వారానికి సుమారు 32.6 మిల్లీగ్రాములు చెప్తది. అదే మనిషికి ఆసియా అని టిక్కు పెడితే 25.3. మనిషి మారలేదు, రక్తం మారలేదు. ఒక్క టిక్కుతో మోతాదు 22 శాతం పడిపోయింది.

ఎందుకిలా? ఆ బృందంలోని ఆసియా దేశాలు జపాన్, కొరియా, తైవాన్, సింగపూర్. ఇండియా లేదు. తూర్పు ఆసియా వాళ్లలో వీకేఓఆర్‌సీ1 లో మందుకు తొందరగా లొంగే రకం చాలా ఎక్కువ, అందుకే వాళ్లకు తక్కువ మోతాదు చాలు. భారతీయుల్లో ఆ రకం వాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. అంటే టోక్యో మనిషి రక్తానికి కుట్టిన చొక్కా దేవరకొండ మనిషికి తొడిగినట్టు. మ్యాపులో ఇద్దరూ ఆసియానే మరి! మోతాదు తక్కువైతే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం, వాల్వు మీద గడ్డ.

ఇది మన ఊహ కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్లకు ఇలాంటిదే జరిగింది. 2013లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. యూరప్‌లో జన్యువులు చూసి మోతాదు ఇస్తే రక్తం హద్దులో ఉన్న కాలం 60 శాతం నుంచి 67 శాతానికి పెరిగింది. అక్కడ పోల్చింది అందరికీ ఒకేలా ఇచ్చే మోతాదుతో, పేషెంట్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. అమెరికాలో వయసు, బరువు లాంటివి చూసే మామూలు లెక్కతో పోలిస్తే మొత్తం మీద లాభమే కనపడలేదు. నల్లజాతి పేషెంట్లనే విడిగా చూస్తే జన్యు లెక్క వాళ్లకు నష్టం చేసింది. రక్తం హద్దులో ఉన్న కాలం మామూలు లెక్కతో 43.5 శాతం ఉంటే జన్యు లెక్కతో 35.2 శాతమే. ఆఫ్రికా మూలాల వాళ్లలో ఉండే కొన్ని జన్యు తేడాలు ఆ సమీకరణంలో లేవు కాబట్టి. కొత్త సైన్సు, ఖరీదైన పరీక్ష. అయినా లెక్కలో లేని వాళ్లకు దెబ్బే తగిలింది. అక్కడ ఎవరూ కావాలని చెడు చేయలేదు. సగటు తీసేటప్పుడు వాళ్లను సరిగా లెక్కపెట్టలేదు, అంతే.

పంజాగుట్టలో కట్టిన లెక్క

అలాంటప్పుడు మన జనానికి మనమే లెక్క కట్టుకోవాలి కదా. ఆ పని జరిగింది మన హైదరాబాదులోనే. 2012లో నిమ్స్ పరిశోధకులు ఫార్మకోజెనామిక్స్ జర్నల్‌లో ఒక అల్గారిథమ్ ప్రచురించారు. ఇక్కడి పేషెంట్లలో ఐఎన్ఆర్ హద్దులోకి వచ్చిన వాళ్లను తీసుకుని, సీవైపీ2సీ9, వీకేఓఆర్‌సీ1 జన్యువుల తేడాలు చూశారు. పైగా తిండిలో వచ్చే విటమిన్ కె ని కూడా లెక్కలో పెట్టారు. ఆకుకూర తినే జనానికి ఆకుకూరను లెక్కపెట్టారు! ఎక్కువ మోతాదు కావాల్సిన వాళ్లను, తక్కువ చాలినవాళ్లను ఈ లెక్క మామూలు లెక్క కంటే బాగా పట్టుకుందని రాశారు. 2015లో పుదుచ్చేరి జిప్మర్ పరిశోధకులు ఎసినోకౌమరాల్‌కు దక్షిణ భారతీయుల కోసం ఇంకో అల్గారిథమ్ ఇచ్చారు. ఇది ముఖ్యం, ఎందుకంటే రెండు మాత్రల మోతాదులూ ఒకటి కావు. వార్ఫరిన్ లెక్క తెచ్చి ఎసిట్రోమ్‌కు పెట్టలేం.

మరి ఇక్కడితో అయిపోయిందా? దక్షిణ భారతం అంటే కూడా ఒకే ముద్ద కాదు. 2009లో మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వాళ్లతో కలిసి నేచర్ పత్రికలో రాసిన వ్యాసం ఇదే చెప్పింది. మన దేశంలో చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయి. కాబట్టి జన్యు తేడాల పాళ్లు సమూహం సమూహానికి వేరు. లంబాడా, గోండు, కోయ, కోలాం, చెంచు, యానాది, కొండరెడ్డి, అందరికీ ఒకే పాళ్లు ఉంటాయని ముందే అనుకోవడానికి లేదు. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు గిరిజన సమూహాలతో సహా 80కి పైగా జన సమూహాల నుంచి సుమారు 10 వేల మంది జన్యు సమాచారం సేకరించింది. 2025 జనవరిలో దాన్ని పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. దారి తెరుచుకుంది. ఆ దారిలో నడిచి 'మా తెగలో ఈ మందు మోతాదు ఎలా ఉంది' అని అడిగేవాళ్లు కావాలి. ఫార్మసీ, నర్సింగ్, ఎంబీబీఎస్, స్టాటిస్టిక్స్, జెనెటిక్స్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ మాట మీకే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన రక్తం ఇచ్చేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నారు, ఎవరి దగ్గర ఉంటది, ఫలితం మనకు చెప్తారా అని అడిగే హక్కు మనకుంది. లెక్కలో ఉండాలి, కానీ వట్టి శాంపిలుగా కాదు.

కొత్త మందులు వచ్చాయి కదా అంటే

పరీక్షలు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయి, ఈ గోలంతా ఎందుకు అని కొందరు అడుగుతారు. డబిగాట్రాన్‌ను లోహపు వాల్వు ఉన్నవాళ్లకు ఇచ్చి చూసిన పరీక్షను గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితం వచ్చింది. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం 24 దేశాల్లో రుమాటిక్ గుండె జబ్బుతో పాటు గుండె లయ తప్పిన వాళ్ల మీద జరిగింది. రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ రకం పాత మాత్ర వాడిన వాళ్లలోనే మరణాలు తక్కువ. కాబట్టి మన పేషెంట్లకు ఈ మాత్ర, ఈ పరీక్ష, ఈ లెక్క ఇంకా చాలా ఏళ్లు ఉంటాయి. అన్నిటికంటే పాత మందు అన్నిటికంటే పేదవాళ్ల దగ్గరే మిగిలింది. దాని లెక్కను ఎవరూ పట్టించుకోకపోతే నష్టపోయేది మనోళ్లే.

పేషెంటు వెంట వెళ్లే మనం ఏం చేయాలి?

మోతాదు మార్చడం మన పని కాదు, డాక్టరు పని. కానీ డాక్టరు లెక్కకు కావాల్సిన సమాచారం చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఆకుకూర: మునగాకు, తోటకూర, పొన్నగంటి, వానలు పడగానే చేను గట్ల మీద, అడవిలో వచ్చే కూరలు, వీటిలో విటమిన్ కె ఉంటది. అది ఈ మందుకు విరుగుడు. అలాగని కూర మానేయమని చెప్పొద్దు, అది పేదోళ్ల పోషకాహారం. ఏడాదంతా ఇంచుమించు ఒకేలా తినమనాలి. వానాకాలంలో కూరలు ఒక్కసారి పెరిగితే, ఎండాకాలంలో ఒక్కసారి తగ్గితే డాక్టరుకు చెప్పాలి.

వేరే మందులు: టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఈ మాత్ర బలాన్ని బాగా తగ్గిస్తది. టీబీ మందు మొదలుపెట్టినా, ఆపినా వెంటనే ఐఎన్ఆర్ చూపించాలి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ లాంటివి దాని బలాన్ని పెంచుతాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ డాక్టరు చెప్పకుండా వాడితే రక్తస్రావం ప్రమాదం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ వేయించుకునే ముందు 'నేను ఈ మాత్ర వాడుతున్నా' అని చెప్పాల్సిందే, కండరంలో రక్తం గడ్డకట్టి వాపు రావచ్చు. సారా, కల్లు కూడా అంకెను తిప్పేస్తాయి.

ఆడపిల్లలు: గర్భం అనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. మొదటి నెలల్లో ఈ మాత్ర బిడ్డకు హాని చేయొచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. రెండింటికీ మధ్య దారి డాక్టరే చెప్పాలి.

ప్రమాద గుర్తులు: నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ, విపరీతమైన తలనొప్పి, మాట తడబడటం, చేయి కాలు పడిపోవడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా వచ్చే వారం దాకా ఆగొద్దు, దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోవాలి.

పుస్తకం: తేదీ, అంకె, వారం మొత్తం మోతాదు, మర్చిపోయిన మాత్రలు, మధ్యలో వాడిన వేరే మందులు, అన్నీ రాయండి. చదువు రాని అమ్మకు మాత్రల రంగు బొమ్మ వేసి ఇవ్వండి. ఎంత మంచి అల్గారిథమ్‌కైనా ఈ పుస్తకమే తిండి.

మన సంఘాలు అడగాల్సింది ఒకటుంది. ఐఎన్ఆర్ పరీక్ష కోసం ఒక మనిషి కూలి పోగొట్టుకుని, తోడు ఒకరిని తీసుకుని, ఎల్బీనగర్ దాకా బస్సులో ఎందుకు రావాలి? వేలికొన నుంచి చుక్క రక్తం తీసి నిమిషాల్లో ఐఎన్ఆర్ చెప్పే చిన్న యంత్రాలు ఉన్నాయి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, మన్ననూరు ఐటీడీఏల పరిధిలోని ఆసుపత్రుల్లో ఆ యంత్రం, గోడమీద ఆ నాలుగు లైన్ల సాదా నియమం, ఫోన్లో దొరికే ఒక డాక్టరు ఉంటే చాలు. రీ-లై అధ్యయనం చూపించింది ఇదే. పెద్ద ఫలితానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, నియమం తప్పని చిన్న వ్యవస్థ చాలు. భూమి పట్టా కోసం, హాస్టల్ మెస్ ఛార్జీల కోసం మెమొరాండం ఇచ్చే మనం, దీనికి కూడా ఒకటి ఇవ్వొచ్చు.

ఎడ్ కార్ల్‌సన్ డాక్టరు కాదు. పాలక్యానులో సాక్ష్యం తీసుకుపోయాడు. మన దగ్గర ఆ సాక్ష్యం పేషెంట్ల పుస్తకాల్లో ఉంది. మీ తండాలో, గూడెంలో ఈ మాత్ర వాడేవాళ్లు ఎంతమంది, పరీక్షకు ఎంత దూరం పోతున్నారు, ఎన్ని నెలలకోసారి పోతున్నారు అన్నది కనుక్కోండి. పేర్లు వద్దు, ఊరు, దూరం, అంకెలు చాలు. కింద కామెంట్లలో రాయండి. అన్నీ కలిపి మెమొరాండానికి జతచేద్దాం.